గోటి దెబ్బ

మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం వైపు నడిస్తే
గొడుగులు బాగుచేసే వాడి పక్కన
నాది పాతసామాన్ల కొట్టు.
బోర్డు లేదు.
ఆగిపోయిన గోడగడియారాలే బోర్డు.

బూరాడ అసిరమ్మ నెల్లిమర్ల నుంచి వచ్చింది.
గోనెసంచిలో ఎండుగడ్డి, గడ్డిలో ఆరు గ్లాసులు,
చెరువులో కొంగల్లా ఒంటికాలి మీద నిలబడేవి.
"ఏటి తాగుతారమ్మా వీటిలో?" అన్నాను, తెలిసే.
"మాయ్య తుడిచినాడు గానీ తాగలేదు బాబూ."
జూట్ మిల్లు దొర బంగళాలో బట్లరట వాళ్లయ్య.

నోరు విప్పే ముందు చేతులు చూసుకోవాలి వస్తువుని.
మొదట అంచు. చూపుడువేలితో చుట్టూ ఒక ప్రదక్షిణ.
పెచ్చు లేస్తే అరగదీసి నున్న చేస్తారు కొందరు;
అప్పుడది వెంట్రుకవాసి పొట్టిదైపోతుంది,
తోడుదాని పక్కన నిలబెడితే దొరికిపోతుంది.
తర్వాత కాడ.
అచ్చులో పోసినదానికి నిలువునా ఒక గీటు,
చొక్కా పక్క కుట్టులా.
ఇక బోర్లించడమే.
కడ్డీ నుంచి విరిచిన చోట మచ్చ ఉంటుంది.
"బొడ్డుంటే పుట్టినది, లేకుంటే పోసినది" అనేవాడు
నాకు ఈ పని నేర్పిన మా చిన్నాన్న.
అడుగున గీతలూ చూడాలి:
బతికిన గ్లాసుకి అవి అడ్డదిడ్డంగా పడతాయి,
గరుకు కాగితంతో ముసలిదాన్ని చేస్తే
అన్నీ ఒకే వాటం.

దొంగనోట్లు పట్టే ఊదారంగు దీపం ఒకటుంది నా దగ్గర.
దుప్పటి కప్పుకుని దాని కింద పెట్టాను.
సీసం కలిసిన గాజు లేతనీలంగా ఊపిరి పీల్చింది.
దుప్పట్లో నాకు చెమట.

చివరికి గోటి దెబ్బ.
ఒకటి. ణంగ్‌మ్మ్మ్...
గొడుగులవాడు సూది ఆపి తలెత్తాడు.
రెండు, మూడు, నాలుగు, ఐదు,
అదే గంట, అదే గుడి.
ఆరోది: టక్.
తలుపు తట్టి ఎవరో వెళ్లిపోయినట్టు.

నేనడగలేదు. తనే చెప్పింది.
"దొరసాని పుట్టినరోజు రేతిరి ఒకటి సెయ్యి జారిపోనాది.
మాయమ్మ కాళ్ల కడియాలు తాకట్టెట్టి
విశాపట్నం ఎల్లి దీన్ని తెచ్చినాడు.
దొర గోటితో కొట్టి సూసే రకం.
అందుకని ఏ ఇందుకైనా దీన్ని
బల్ల సివర, గోడ పక్క కుర్చీ కాడ ఎట్టీవోడట.
దొర ఎల్లిపోతా ఆరూ మాయ్యకే ఇచ్చీసినాడు,
జీతం బాకీ కింద."

ఐదుకీ ఆరుకీ మధ్య తేడా ఒకటి కాదు ఈ వ్యాపారంలో.
ఆరైతే విందు. ఐదైతే మిగిలినవి.
భీమిలి దగ్గర హోటలాయన ఆరుకి పన్నెండు వేలిస్తాడు,
ఐదంటే ఏడు దగ్గరే ఆగుతాడు.
ఆయన గోటితో కొట్టడు, ఫోనులో ఫోటో తీసుకుంటాడు.
"సెప్పకుండా ఉంటే ఏటి పోయిందమ్మా?" అన్నాను,
నా లాభం నా నోట్లోంచి మాట్లాడింది.
ఆమె టీ పూర్తిగా తాగింది. గ్లాసు కడిగి మరీ పెట్టింది.
"ఆ ఒక్కదానికేటిస్తావు?"
"ఇరవై."
"కడియాలు పదారు తులాల ఎండి," అంది,
కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు.
దాన్ని మళ్లీ గడ్డిలో పడుకోబెట్టింది.

ఐదింటికి ఐదున్నర వేలు,
పదకొండు ఐదువందల నోట్లు చేతిలో పెట్టాను.
"ఆ దీపం ఒకపాలి ఎలిగించు బాబూ."
ఒక్కొక్క నోటూ దాని కింద పెట్టి
అంచు చూసింది, తిప్పి అడుగు చూసింది,
నేను ఆమె గ్లాసులు చూసినంతసేపూ చూసింది.
ఒకటి వెనక్కిచ్చింది.
"ఇది మార్చు."
మార్చాను.

గోనె భుజాన వేసుకుని మెట్లు దిగింది.
లోపల ఒక్కటే కదా,
తగలడానికి ఇంకోటి లేక
చప్పుడు చెయ్యలేదు.